జన్యువు ఎవరిది? చాకిరీ ఎవరిది?

పార్కిన్సన్ జబ్బుని మన పల్లెల్లో వణుకుడు రోగం అంటారు. చెయ్యి వణుకుతుంది, అడుగు ముందుకి పడదు, గొంతు సన్నబడుతుంది, మొహంలో నవ్వూ కోపమూ తేడా తెలియకుండా పోతాయి. ఇంతవరకూ అందరికీ తెలుసు. 1817లో ఈ జబ్బుని మొదటిసారి వివరంగా రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్, రోగి తెలివికి మాత్రం ఏ లోటూ రాదని రాశాడు. ఆయన వర్ణించింది ఆరుగురు మగవాళ్ళని. వాళ్ళలో కొందరిని వీధిలో పోతుండగా చూశాడు. రాత్రి రెండు గంటలకి వాళ్ళ ఇంట్లో చూడలేదు.

రాత్రి రెండింటికి చూసేవాళ్ళకి వేరే సంగతులు తెలుసు. "వాకిట్లో ఆ పిల్లకాయలెవరు, చలిలో కూర్చున్నారు, లోపలికి రమ్మను" అంటాడు పెద్దాయన. వాకిట్లో ఎవరూ ఉండరు. నలభై ఏళ్ళు కాపురం చేసిన భార్యని చూసి, నువ్వు మా ఇంటిదానివి కాదు, ఆమెలాగా ఉన్నావంతే అంటాడు. పొద్దున్న బాగానే ఉంటాడు, మధ్యాహ్నానికి సొంత పొలం సరిహద్దు మర్చిపోతాడు, సాయంత్రం మళ్ళీ తేరుకుంటాడు. పార్కిన్సన్ తో వచ్చే డిమెన్షియా ఇలా ఉంటుంది. మరుపుకంటే ముందు లేనివి కనిపించడం, ధ్యాస నిలవకపోవడం, గంటకో రకంగా ఉండటం. ఊళ్ళో దీనికి గాలి అనో, చాదస్తం అనో పేరు పెడతారు.

ఆస్ట్రేలియాలో, సిడ్నీలో 136 మంది రోగుల్ని జబ్బు మొదట్లోనే చేర్చుకుని 20 ఏళ్ళపాటు వెంబడించారు. 2008లో వచ్చిన ఆ లెక్క ప్రకారం, 20 ఏళ్ళ తర్వాత బతికున్న వాళ్ళలో 83 శాతం మందికి డిమెన్షియా ఉంది. ఈ అంకె చాలాకాలం రోగుల్నీ, ఇళ్ళనీ భయపెట్టింది. 2024లో అమెరికా నుంచి వచ్చిన లెక్కలు పదేళ్ళ దాకా చూస్తే పరిస్థితి అంత ఘోరంగా లేదని చెప్పాయి. ఏమైనా, అందరికీ రాదు, వచ్చేవాళ్ళకి ఒకే వేగంతో రాదు. ఎవరికి వస్తుందో ముందే చెప్పగలమా అన్న ప్రశ్న దగ్గర జన్యువులు వచ్చి కూర్చున్నాయి.

నా ప్రశ్న దాని పక్కనే ఉంది. ముందే చెప్పగలిగితే ఎవరికి చెప్పాలి? ఆ తెలిసిన విషయం ఇంట్లోకి వచ్చాక ఎవరి మీద పడుతుంది?

ఆలోచించడానికి ఒక ఇల్లు కావాలి. పుల్లలచెరువులో పెట్టుకుందాం. నల్లమల తూర్పు అంచున, ఎర్రగొండపాలెం, త్రిపురాంతకం మండలాల పొరుగున ఉన్న ఊరు. పెద్దాయనకి డెబ్భై దగ్గర పడింది. కంది, పత్తి, మిర్చి వేసిన మనిషి. వణుకు మొదలై ఎనిమిదేళ్ళయింది, పిల్లకాయలు కనిపించడం మొదలై ఏడాది. భార్యకి మోకాళ్ళ నొప్పులు. కొడుకు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాడు. కూతురు గుంటూరులో టీచరు. కోడలు, పెద్దాయన చెల్లెలి కూతురే. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, ఆలోచన కోసం కట్టుకున్న ఇల్లు. కానీ ఆ వైపు పుట్టినవాళ్ళకి ఇలాంటి గడప తెలియకపోదు.

గుంటూరులోనో హైదరాబాదులోనో ఒక డాక్టరు, "జన్యు పరీక్ష చేయిస్తే ముందు ముందు ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది" అన్నాడనుకుందాం. ఏం తెలుస్తుంది?

మూడు పేర్లు తరచు వినిపిస్తాయి. మొదటిది ఏపీఓఈ అనే జన్యువు. దానిలో ఇ4 అనే రకం అల్జీమర్స్ కి దారి తీసే అవకాశాన్ని పెంచుతుందని 1993 నుంచీ తెలుసు. పార్కిన్సన్ ఉన్నవాళ్ళలోనూ మతి తగ్గడంతో దానికి సంబంధం కనిపిస్తోంది. రెండోది జీబీఏ1. కణాల్లో పేరుకునే ఒక రకం కొవ్వుని విరిచే ఎంజైముని తయారు చేసేది ఇదే. మనిషికి ప్రతి జన్యువూ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. జీబీఏ1 రెండు ప్రతులూ చెడితే గాషే జబ్బు వస్తుంది. ప్లీహం, కాలేయం ఉబ్బుతాయి, రక్తం పలచబడుతుంది, ఎముకలు నొప్పి పెడతాయి. ఒక్క ప్రతి చెడితే ఆ మనిషికి ఏమీ కాదనే చాలాకాలం అనుకున్నారు. గాషే రోగుల కుటుంబాల్లో తాతలకీ, మేనమామలకీ పార్కిన్సన్ ఉండటం వైద్యుల దృష్టికి వచ్చాకే ముడి విడింది. 2009లో చాలా దేశాల రోగుల వివరాలు కలిపి చూసి ఆ సంబంధాన్ని రూఢి చేశారు. (ఆ తాతల సంగతి డాక్టర్లకి చెప్పింది పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వరసలో కూర్చున్న తల్లులే అయ్యుంటారని నా ఊహ. వంశవృక్షం నోటికి వచ్చేది వాళ్ళకే కదా.) మూడోది ఎస్ఎన్‌సీఏ. మెదడు కణాల్లో ఉండలు కట్టే ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీను దీన్నుంచే వస్తుంది. 1997లో ఇటలీ మూలాలున్న ఒక పెద్ద కుటుంబంలో దీనిలో మార్పు కనిపెట్టారు. ఈ జన్యువు రెండు ప్రతులకి బదులు నాలుగు ఉన్న చాలా అరుదైన కుటుంబాల్లో జబ్బు చిన్న వయసులోనే వచ్చి డిమెన్షియాతో కలిసి నడుస్తుంది.

2023లో 3,923 మంది రోగుల్ని కాలక్రమంలో పరిశీలించిన అధ్యయనం ఒకటి వచ్చింది. ఏపీఓఈ ఇ4 ఉన్నవాళ్ళు డిమెన్షియాలోకి వెళ్ళే వేగం లేనివాళ్ళకంటే దాదాపు 2.4 రెట్లనీ, జీబీఏ1లో మార్పులున్న వాళ్ళకి సుమారు 2 రెట్లనీ తేల్చారు. ఆ 3,923 మందీ ఐరోపా మూలాల వాళ్ళే. పుల్లలచెరువు పెద్దాయన లాంటి ఒంటిని ఆ లెక్కలో ఎవరూ చూడలేదు.

ఇది ఎంత పెద్ద తేడానో చెప్పడానికి ఇంకో జన్యువు చెబుతాను. టౌ అనే ప్రొటీను జన్యువుకి హెచ్1, హెచ్2 అని రెండు రూపాలున్నాయి. ఇంగ్లండులో కేంబ్రిడ్జి రోగుల్లో, రెండు ప్రతులూ హెచ్1 అయిన వాళ్ళకి డిమెన్షియా ఎక్కువగా వచ్చింది. హెచ్2 దాదాపుగా ఐరోపా మూలాల వాళ్ళలోనే ఉండే రూపం. మన దగ్గర అత్యధికులకి ఉన్నది హెచ్1 మాత్రమే. ఆ కొలబద్ద తెచ్చి మనకి పెడితే ఊరికి ఊరు 'ప్రమాదం' గడిలో పడుతుంది. అప్పుడా మాటకి అర్థమే ఉండదు. భారతీయుల జన్యువుల్ని విడిగా చదివే పని మొదలైంది, పదివేల మంది జన్యు సమాచారాన్ని జీనోమ్ ఇండియా 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులోకి తెచ్చింది. మంచిదే. కానీ ఈ రోజు ఆ డాక్టరు ఇవ్వగలిగే కాగితం మీద ఉండేది ఎక్కడివాళ్ళో మంద లెక్క. రెండు రెట్లు అంటే ఎంతకి రెండు రెట్లు? వస్తుందా రాదా? ఆ కాగితం చెప్పదు. ఆ ఇంట్లో అయితే ఇప్పటికే పిల్లకాయలు కనిపిస్తున్నారు. పెద్దాయనకి ఆ కాగితం కొత్తగా చెప్పేది దాదాపు ఏమీ లేదు. అది చెప్పేదంతా వేరేవాళ్ళ గురించే.

ఇక్కడ వైద్య నీతిశాస్త్రం 'రక్తసంబంధీకులు' అనే మాట తెస్తుంది. ఒకరి జన్యు ఫలితం వాళ్ళ ఒక్కరిదే కాదు, కన్నవాళ్ళదీ, తోబుట్టువులదీ, పిల్లలదీ కూడా, కనుక వాళ్ళకి చెప్పాలా వద్దా అని చర్చిస్తుంది. పెద్దాయనకి ఒక ప్రతిలో మార్పు ఉంటే గుంటూరు కూతురికి అది ఉండే అవకాశం సగం. కనుక ఆమెకి ఈ చర్చలో కుర్చీ ఉంది. సరే. మామూలు ఇంటి కోడలి సంగతేమిటి? ఆమెలో ఈ రక్తం చుక్క లేదు. మామకి డిమెన్షియా వస్తే బతుకు తలకిందులయ్యేది మాత్రం ఆమెకే. రాత్రుళ్ళు లేచేది ఆమె, పక్క బట్టలు మార్చేది ఆమె, "నా డబ్బు దొంగిలించావు" అన్న మాట పడేది ఆమె. ఆయన మరో ఐదేళ్ళు ఎలా ఉంటాడన్నది ఆమె ఐదేళ్ళు ఎలా ఉంటాయన్న ప్రశ్నే. అయినా జన్యు నీతి చర్చలో ఆమెకి స్థానం లేదు. రక్తాన్ని బట్టి హక్కులు లెక్కేసే ఏ పద్ధతిలోనూ కోడలు కనిపించదు. ఆస్తిలో చూశాం. ఇప్పుడు జ్ఞానంలో చూస్తున్నాం.

మన దేశంలో జాతీయ సర్వే 2024 సంవత్సరానికి జనం కాలం ఎలా గడుపుతారో లెక్క తీసింది. ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారు, చేసే మగవాళ్ళు 88. ఇంట్లోవాళ్ళ సంరక్షణకి, అది చేసే ఆడవాళ్ళు 137 నిమిషాలు, మగవాళ్ళు 75. పార్కిన్సన్ ఆడవాళ్ళకంటే మగవాళ్ళకి ఎక్కువగా, దాదాపు ఒకటిన్నర రెట్లు వస్తుందన్నది కూడా దీని పక్కన పెట్టి చూడాలి. మన పెళ్ళిళ్ళలో భర్త వయసులో పెద్ద. ఆ లెక్కలన్నీ కలిస్తే ఈ జబ్బు మగవాడి ఒంట్లో మొదలై ఆడదాని రోజులో స్థిరపడుతుంది.

నేను కట్టిన ఇంట్లో కోడలు మామూలు కోడలు కాదు, మేనకోడలు. ఈ ముడిని ఇంగ్లీషు నీతిశాస్త్ర గ్రంథాలు ఊహించలేదు, మన భాష ఎప్పుడో ఊహించింది. 'మామ' అంటే మేనమామా అవుతాడు, భర్త తండ్రీ అవుతాడు. మేనరికంలో అత్తమామలకి వేరే పేర్లు వెతుక్కోనక్కర్లేదు, చిన్నప్పటి పిలుపే కొనసాగుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో దగ్గరి చుట్టరికపు పెళ్ళిళ్ళు దేశం మొత్తం మీద దక్షిణాది రాష్ట్రాల్లోనే ఎక్కువగా కనిపిస్తూ వచ్చాయి. ఆ పెళ్ళిళ్ళు ఆడపిల్లకి కొంత రక్షణ ఇచ్చాయి, దాన్ని నేను కాదనను. తెలిసిన గడప, తెలిసిన అత్త, కట్నం ఒత్తిడి కొంచెం తక్కువ. భూమి చెదరకుండా ఉండటం అసలు కారణమే అయినా, పిల్ల కూడా చెదరలేదు కొన్నిసార్లు.

కానీ ఈమె లెక్క చూడండి. మామలోని మార్పు ఆమెకీ ఉండే అవకాశం నాలుగో వంతు. ఆమె భర్తకి సగం. వాళ్ళకి పుట్టే బిడ్డకి రెండు ప్రతులూ చెడినవి వచ్చి గాషే అయ్యే అవకాశం, మామ ఒక్కడే ఆ మార్పుకి మూలం అనుకుంటే, 32లో ఒకటి. లక్షల్లో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బుకి ఇది చాలా పెద్ద అంకె. తాత వణుకుకీ మనవడి ఉబ్బిన పొట్టకీ మూలం ఒకే జన్యువు కావచ్చు. చాకిరీ చేసేటప్పుడు ఆమె కోడలు. భయపడేటప్పుడు మేనకోడలు. బిడ్డకి జబ్బు వస్తే తల్లి. మామకి అన్నం తినిపిస్తూ ఆయన చేతిని చూస్తున్నప్పుడు ఆమె చూస్తున్నది ఎవరి చేతిని?

ఆ వైపు జనం జబ్బుని అర్థం చేసుకునే పద్ధతికి ఇంకో పాఠం ఉంది. పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడు నీళ్ళు తాగి వంగిపోయిన నడుములు, గారపట్టిన పళ్ళు తరతరాలుగా ఉన్నాయి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ ఎముకల జబ్బుని వైద్యులు 1937లోనే గుర్తించి రాశారు. దాని గురించి ఊళ్ళో ఏమంటారు? "మా నీళ్ళు అంతే" అంటారు. మా నీళ్ళు. ఆ మాటలో ఒక వంశాన్ని పక్కకి తీసి చూడటం లేదు. అందరూ కలిసి ఓట్లప్పుడు నీళ్ళ ట్యాంకు అడిగారు, వెలిగొండ అడిగారు, వచ్చినా రాకపోయినా అడిగారు. నీళ్ళ జబ్బు ఊరి జబ్బు. జన్యువు జబ్బు అనేసరికి అది ఒక ఇంటి జబ్బు అవుతుంది, ఆ ఇంట్లో ఆడపిల్లల జబ్బు అవుతుంది. "వాళ్ళ వంశంలో మతి చెడే రోగం ఉందంట" అన్న మాట సంబంధం చూసేటప్పుడు కొడుకు విషయంలో ఒకలా పనిచేస్తుంది, కూతురి విషయంలో మరోలా. కొడుక్కి కట్నం కాస్త తగ్గుతుంది. కూతురికి సంబంధమే తప్పుతుంది, లేదా రెండో పెళ్ళివాడు వస్తాడు. పెళ్ళయ్యాక తెలిస్తే హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత విడాకులకి ఒక కారణంగా ఉండనే ఉంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత వస్తే రావచ్చు అన్న అవకాశం చట్టం ముందు రుగ్మత కాదు. కుటుంబ పెద్దల పంచాయితీ ముందు అవుతుందా కాదా అన్నది ఎవరి బలం ఎంత అన్న దాని మీద ఉంటుంది.

జన్యు కారణంగా మనుషుల్ని తక్కువ చూడకుండా ఆపే ప్రత్యేక చట్టం మనకి లేదు. 2018లో ఢిల్లీ హైకోర్టు, ఆరోగ్య బీమాలో 'జన్యు రుగ్మతలు' అని గంపగుత్తగా మినహాయించడం వివక్షేనని తీర్పు ఇచ్చింది. అది బీమా కంపెనీలకి. పెళ్ళి సంబంధాలకి అలాంటి తీర్పు ఎవరిస్తారు?

ఇక్కడ నన్ను ఒక చోట ఇరుకున పెట్టే ప్రశ్న ఉంది. స్త్రీల ఉద్యమం శరీరం గురించి తెలుసుకునే హక్కు కోసం పోరాడింది. 'సవాలక్ష సందేహాలు' పుస్తకం హైదరాబాదు స్త్రీల చేతుల మీదుగా వచ్చింది ఆ పట్టుదల నుంచే. మా ఒంటి సంగతి మాకు చెప్పండి, మా భాషలో చెప్పండి అని డాక్టర్లని నిలదీశాం. ఇప్పుడు ఈ పరీక్ష వద్దు, తెలియకపోవడమే మేలు అంటే మళ్ళీ 'ఆడవాళ్ళకి ఇవన్నీ ఎందుకు' అనే పాత గొంతుతో మాట్లాడినట్టు కాదా?

కాదనే అనుకుంటున్నాను, కానీ తేలిగ్గా కాదు. మనకి ఇంకో అనుభవం కూడా ఉంది. గర్భస్థ శిశువులో జన్యు లోపాలు కనిపెట్టడానికని ఉమ్మనీటి పరీక్ష 1970లలో మన దేశంలోకి వచ్చింది. పరీక్ష తటస్థమైనది, ఎంపిక దంపతులది అన్నారు. ఆ ఎంపిక ఆడపిండాల మీద ఎలా పడిందో, 1994లో చట్టం ఎందుకు తేవాల్సి వచ్చిందో ఈ పాఠకులకి చెప్పనక్కర్లేదు. పరీక్ష తటస్థమే. అది దిగిన ఇల్లు తటస్థం కాదు. సమాచారం ఎక్కడ పడుతుందో అక్కడి వాలు ప్రకారం పారుతుంది.

జ్ఞానం అన్నిచోట్లా ఇలాగే పారుతుందని కూడా అనను. 2017లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న ఒక అధ్యయనం, దక్షిణాసియాలో తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చిన చాలా సమూహాల్లో అరుదైన జన్యు మార్పులు గూడు కట్టుకుని ఉన్నాయని చూపింది. దానిలో వైశ్యుల ఉదాహరణ ప్రముఖంగా వచ్చింది. ఆపరేషన్ లో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు వాళ్ళలో కొందరికి త్వరగా విరగదు, ఊపిరి ఆలస్యంగా తిరిగి వస్తుంది. మార్కాపురంలోనో గిద్దలూరులోనో మత్తు ఇచ్చే డాక్టరు ఈ ఒక్క సంగతి తెలిసి ఆ మందు మానేస్తే చాలు. ఎవరి పెళ్ళీ ఆగదు, ఎవరి చాకిరీ పెరగదు, ప్రాణం నిలుస్తుంది. ఇలాంటి జ్ఞానాన్ని ఎవరు కాదంటారు? డిమెన్షియా జన్యువు అలాంటిది కాదు. ఏపీఓఈ ఇ4 ఉందని తెలిసిన మర్నాడు వేసుకోవడానికి మాత్ర లేదు. పార్కిన్సన్ డిమెన్షియాకి రివాస్టిగ్మిన్ అనే మందుని అమెరికాలో 2006లో అనుమతించారు, ఇక్కడా దొరుకుతుంది. అది లక్షణాల్ని కొంత తేలిక చేస్తుంది, జబ్బుని ఆపదు. దాన్ని వాడాలా వద్దా అనేది మనిషిని చూసి నిర్ణయిస్తారు, జన్యువుని చూసి కాదు.

పడమటి దేశాల్లో ఈ చర్చ 'తెలియకుండా ఉండే హక్కు' అన్న పేరుతో నడిచింది. 1997లో యునెస్కో మానవ జన్యు ప్రకటన, పరీక్ష ఫలితం తెలుసుకోవాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టమని రాసింది. డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టిన వాళ్ళలో ఒకడైన జేమ్స్ వాట్సన్ 2007లో తన జన్యు సమాచారం అంతా లోకం ముందు పెట్టాడు, ఏపీఓఈ ఒక్కటి తప్ప. అది తనకి కూడా చెప్పొద్దన్నాడు. ఆయన అమ్మమ్మా నాయనమ్మల్లో ఒకరికి అల్జీమర్స్ ఉండేది. ఆయన వద్దన్నాడు, అందరూ సరే అన్నారు. ఎవరూ ఆయన్ని సంబంధం కోసం చూడటానికి రాలేదు.

నాకు అంతకంటే దగ్గరగా అనిపించేది వెక్స్‌లర్ అక్కచెల్లెళ్ళ కథ. అది పార్కిన్సన్ కాదు, హంటింగ్టన్ జబ్బు. దానిలో జన్యువు ఉంటే జబ్బు దాదాపు ఖాయం. తల్లికి ఆ జబ్బని 1968లో తెలిసింది. అంతకుముందు చాలాకాలం ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. చెల్లెలు నాన్సీ ఆ జన్యువుని వెతికే పరిశోధనకి జీవితం ఇచ్చింది. 1983లో అది ఎక్కడుందో జాడ దొరికింది, 1993లో జన్యువే దొరికింది. అక్క ఏలిస్ స్త్రీవాద చరిత్రకారిణి, ఆ కుటుంబ మౌనం గురించి 1995లో పుస్తకం రాసింది. పరీక్ష చేతికి వచ్చాక వాళ్ళు దాన్ని చేయించుకోవడానికి తొందరపడలేదు. 2020లో నాన్సీ తనకి ఆ జబ్బు ఉందని బయటికి చెప్పింది. పరీక్షని సాధ్యం చేసిన స్త్రీయే దాని ముందు ఆగి నిలబడటాన్ని పిరికితనం అనుకోను. ఆగి నిలబడటానికి ఆమెకి చోటుంది, చదువుంది, అక్క ఉంది, ఒక తలుపు ఉంది మూసుకోవడానికి.

పుల్లలచెరువు కోడలికి ఆ తలుపు లేదు. మామ ఫలితం వస్తే అది భర్త ఫోనులోకి వస్తుంది, అక్కణ్ణించి ఆడబిడ్డకి, అక్కణ్ణించి అత్తకి. తెలియకుండా ఉండే హక్కు ఆమె వాడుకోవాలంటే ముందు ఆ ఇంట్లో ఎవరైనా ఆమెని అడగాలి. అడగరు. దాచాలనుకున్నా దాచేది ఆమె కోసం కాదు. 'ఆమెకి తెలిస్తే పుట్టింటికి పోతుందేమో' అని దాస్తారు.

ఈ ప్రశ్నలో పెద్దాయన కూడా ఒక మనిషే, ఆయన్ని నేను మర్చిపోలేదు. పార్కిన్సన్ డిమెన్షియా ఒక్కసారి దిగదు, ముందు చాలా ఏళ్ళు ఇస్తుంది. ఆ ఏళ్ళలో ఆయన్ని అడగొచ్చు. నీ రక్తం పరీక్షకి ఇవ్వొచ్చా, ఫలితం ఎవరికి చెప్పాలి, నీకు మాట తెలియని రోజు వస్తే ఎవరి దగ్గర ఉంటావు? మన ఇళ్ళలో ఆ ఏళ్ళలో అడిగే ప్రశ్న ఒకటే, పొలం ఎవరి పేర రాస్తావని. రిజిస్ట్రారు ఆఫీసుకి ఆటోలో తీసుకుపోయి వేలిముద్ర వేయించేటప్పుడు ఆయన మతి బాగానే ఉందంటారు. అదే వారంలో ఆసుపత్రిలో సంతకం దగ్గరికి వచ్చేసరికి, ఆయనకేం తెలుసు, నేను పెడతాను అంటాడు కొడుకు. మందు బాగా పనిచేసే గంటల్లో ఆయనకి చాలా తెలుసు. ఆ గంటలు ఏవో కచ్చితంగా చెప్పగలిగేది కోడలే.

అందుకని నా అభిప్రాయం ఇది. మామ ఒంటి పరీక్షని మామ ఒప్పుకుంటేనే, ఒప్పుకోగల కాలంలోనే చెయ్యాలి. వైద్యానికి పనికిరాని చోట, పరిశోధనకైతే, పరిశోధన అని చెప్పే చెయ్యాలి. ఆ ఫలితాన్ని కూతురి మీదకో మేనకోడలి మీదకో వాళ్ళు అడగకుండా తెచ్చి పడెయ్యకూడదు. కానీ జబ్బు ఎలా నడుస్తుందన్నది మాత్రం కోడలికి, రక్తం ఉన్నా లేకపోయినా, మొదటి రోజు నుంచీ పూర్తిగా చెప్పాలి. ఈ రెంటినీ మనవాళ్ళు కలిపేస్తున్నారు. జన్యువు గురించి అడక్కపోయినా చెప్తారు, జబ్బు గురించి అడిగినా చెప్పరు.

జబ్బు గురించి చెప్పాల్సింది ఎంత ఉందో చూడండి. వణుక్కి చవకగా రాసే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర పెద్ద వయసు వాళ్ళలో మతిని కలత పెడుతుంది. వాకిట్లో పిల్లకాయలు కనిపించడం ఆ మాత్ర మొదలెట్టాక పెరిగిందా అని కోడలిని అడిగితే తారీకుతో చెబుతుంది. ఉన్నట్టుండి ఒక్క రోజులో మనిషి అయోమయంలో పడితే అది తరచు మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, ఎండకి నీళ్ళు తగ్గడమో అవుతుంది. మే నెలలో ఆ వైపు ఎండ ఎలాంటిదో అందరికీ తెలుసు. రాత్రి గోల చేస్తున్నాడని హాలోపెరిడాల్ సూది వేస్తే ఈ రోగి కొయ్యలా బిగుసుకుపోతాడు, ప్రాణం మీదికి రావచ్చు. లేని పిల్లల్ని చూసి ఆయన భయపడకపోతే వాదించక్కర్లేదు. ఇవన్నీ ఏ జన్యు కాగితం మీదా ఉండవు. వీటిలో ఒక్కటి తెలిసినా ఆమె ఒక నెల రాత్రుళ్ళు మారతాయి.

ఆమె తన గురించి తెలుసుకోవాలనుకోవచ్చు కూడా. మళ్ళీ కాన్పు గురించి ఆలోచిస్తున్నప్పుడు, మొదటి బిడ్డ పొట్ట ఉబ్బి ఉన్నప్పుడు ఆ ప్రశ్న ఆమెకి నిజంగా అవసరం కావచ్చు. అప్పుడది మామ జబ్బుకి తోకలా కాకుండా ఆమె సొంత ప్రశ్నగా ఉండాలి. మామ కోసం వచ్చిన రోజున, మందుల చీటీ చేతిలో పెడుతూ, నువ్వు కూడా రక్తం ఇచ్చిపో అనడం అలా అడగడం కాదు. వేరే రోజు, వేరే గదిలో, భర్త బయట కూర్చుని, తెలుగులో, 'నాలుగో వంతు' అంటే ఏమిటో తాపీగా చెప్పే మనిషి ముందు ఆమె కూర్చోవాలి.

అమెరికన్ తత్వవేత్త ఈవా కిట్టే, ఎదిగిరాని కూతుర్ని పెంచిన అనుభవం నుంచి, ఇంకొకరి మీద ఆధారపడ్డ వాళ్ళని చూసుకునే మనిషిని చూసుకోవడం సమాజం బాకీ అని 1999లో వాదించింది. మన దగ్గర ఆ బాకీ ఎంతో లెక్క వేసేవాళ్ళు లేరు. 2023లో వచ్చిన ఒక అఖిల భారత అంచనా ప్రకారం 60 దాటిన వాళ్ళలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది, మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. మామల్ని చూసిన కోడళ్ళే వాళ్ళలో ఎందరో ఉంటారు.

ఆ వేరే రోజు వస్తే, పుల్లలచెరువు నుంచి పొద్దున బస్సెక్కి ఆమె రాత్రికి గానీ తిరిగి రాదు. అత్తకి మోకాళ్ళు లేవవు, ఆడబిడ్డకి సెలవు దొరకదు, భర్త ఆమెతోపాటు వస్తాడు. ఆ రోజంతా మామ దగ్గర ఎవరుంటారన్నది ముందు తేలాలి.